దొరసానమ్మ పక్కన చోటు

నాకు కుళ్ళు ఎక్కువ. ఇది ఎవరో నా మీద వేసిన నింద కాదు, నా నోటితో నేనే ఒప్పుకుంటున్న మాట. ఊరూరా తిరిగి ఆడవాళ్ళను కూర్చోబెట్టి, పొరుగువాళ్ళను ప్రేమించండమ్మా అని చెప్పడమే నా ఉద్యోగం. మిషన్‌లో ఆ ఉద్యోగాన్ని బైబిలు స్త్రీ అనేవాళ్ళు. పొద్దున లేస్తే ప్రేమ గురించి చెప్పే ఆ మనిషినే, ఒక్క మనిషి కోసం ఏడేళ్ళు కడుపులో నిప్పులు పోసుకుని బతికాను. చెప్పేవి శ్రీరంగనీతులు అని లోకం ఊరికే అనలేదు.

ఆ ఒక్క మనిషి మా దొరసానమ్మ. కర్నూలు రాజధాని అయిన ఏడాదే ఆమె ఇంగ్లండు నుంచి నంద్యాలకు వచ్చింది. నలభై దాటిన మనిషి. పెళ్ళి చేసుకోలేదు. కాన్పులు చేయడం చదువుకుని వచ్చింది. నాకప్పుడు ఇరవై రెండేళ్ళు. మా అమ్మ నన్ను కని పోయింది, నాయన నన్ను మిషన్ బోర్డింగులో వదిలి మళ్ళీ పెళ్ళి చేసుకున్నాడు. బోర్డింగులో నలభై మంది ఆడపిల్లల్లో నేనొకదాన్ని. అన్నం అందరికీ పెట్టారు, బట్టలు అందరికీ ఇచ్చారు, ప్రత్యేకంగా నన్ను పిలిచి తిన్నావా అని అడిగినవాళ్ళు మాత్రం లేరు.

దొరసానమ్మకు ఊరి మాటలు నేర్పడానికీ, ఆమె వెంట తిరగడానికీ ఒక ఆడమనిషి కావాలని నన్ను పెట్టారు. ఆమె వచ్చేముందే ఎవరో పంతులు దగ్గర తెలుగు నేర్చుకుంది, అదంతా పుస్తకాల తెలుగు. మొదటి రోజు నా చెయ్యి పట్టుకుని, "ఇచ్చట నాకు ఎవరును లేరు. నీవే నా కన్నులు, నీవే నా నోరు" అన్నది. ఆ ఒక్క మాటతో నేను పడిపోయాను. ఇక ఆ మనిషి నాది అనుకున్నాను.

ఆమె పనులన్నీ నావే. తెల్లవారకముందే లేచి టీ కాచేదాన్ని. చీమలు ఎక్కకుండా ఆమె మంచం కోళ్ళ కింద గిన్నెల్లో నీళ్ళు పోసేదాన్ని. తాగే నీళ్ళు కాచి, గుడ్డలో వడగట్టి, చల్లార్చి పెట్టేదాన్ని. మా నంద్యాల ఎండకు ఆమె వీపంతా చెమటకాయలు పేలేవి. పౌడరు చల్లేది నేనే. జొన్నరొట్టె తినడం నేర్పింది నేనే. పచ్చిమిరపకాయల ఊరిబిండి పచ్చడి మొదటిసారి నాలిక మీద పెట్టుకుని, కళ్ళ నీళ్ళు కారుతూ ఉంటే, "మిక్కిలి రుచిగా నున్నది" అన్నది పిచ్చితల్లి. వాళ్ళమ్మ దగ్గర నుంచి ఉత్తరం వచ్చిన రోజు మధ్యాహ్నం దాకా ఎవరితోనూ మాట్లాడేది కాదు. ఆ రోజుల్లో నేను ఆమె గది గడప అవతల కూర్చుని బియ్యం ఏరుతూ ఉండేదాన్ని. లోపలికి పిలిచేది కాదు, పొమ్మనేదీ కాదు. నాకు అదే చాలు.

ఊళ్ళకు పోతే ఆమె నోరు నేనే. గోస్పాడులో ఒకసారి ఆమె నిలబడి, "ప్రియ సహోదరీలారా, మీకు సమాధానము కలుగును గాక" అని మొదలుపెట్టింది. ముందు కూర్చున్న ముసలామె నా కొంగు లాగి, "ఏం చెప్తాందే ఈమె? ఏం సమాధానం కావాలంట? మనల్నేమన్నా అడిగిందా?" అన్నది. నేను లేచి, సమాధానమంటే మనశ్శాంతి అని అదే సంగతి మా మాటల్లో చెప్పాను. అందరూ తలలూపారు. ఆ తర్వాత అసలు ప్రశ్నలు మొదలయ్యేవి.

"ఈమెకు మొగుడు ల్యాడా?"

"ల్యాడు."

"సచ్చిపోయినాడా?"

"చేసుకోలేదు."

"అయ్యో పాపం, ఇంత ఎర్రగుండి గూడా ఎవురూ దొరకలేదా!"

బండెక్కాక ఇదంతా ఆమెకు అర్థమయ్యేటట్టు చెప్తే, టోపీ తీసి ఒళ్ళో పెట్టుకుని కడుపు పట్టుకుని నవ్వేది. బండిలో ఆమె పక్కన చోటు నాది. మందుల పెట్టెను కూడా మా ఇద్దరి మధ్య పెట్టనిచ్చేదాన్ని కాదు, బండివానితో చెప్పి కాళ్ళ దగ్గర పెట్టించేదాన్ని. రెండేళ్ళు అలా గడిచాయి. నా బతుకులో నేను సుఖపడింది ఆ రెండేళ్ళే.

అప్పుడు వచ్చింది మద్రాసు నుంచి నర్సు.

నా కంటే రెండేళ్ళు చిన్నది. తెలుగువాళ్ళ పిల్లే, కానీ పుట్టి పెరిగిందంతా మద్రాసు పట్నంలో. తెలుగు మాట్లాడుతుంది, చదవడం రాదు. చదివింది అరవం, ఇంగ్లీషు. తెల్లచీర ఇస్త్రీ నలగకుండా కడుతుంది. వచ్చిన రోజే నాకు చేతులు జోడించి, "నేను పల్లెటూళ్ళు చూసినదాన్ని కాదక్కా, తప్పు చేస్తే చెప్తా ఉండు" అన్నది. మంచి మాటే. ఆ మంచితనమే నాకు మొదటి మంట. చెడ్డది అయినా బాగుండేది, ద్వేషించడానికి ఒక దారి దొరికేది.

ఆ రోజు నుంచి దొరసానమ్మ భోజనాల బల్ల దగ్గర ఇంగ్లీషు వినపడడం మొదలైంది. వాళ్ళిద్దరూ మాట్లాడుకుని నవ్వేవాళ్ళు. నేను రొట్టె వడ్డిస్తూ ఆ నవ్వు ఎందుకో తెలియక నిలబడేదాన్ని. "ఏందీ?" అని అడిగితే దొరసానమ్మ తెలుగులో చెప్పడానికి ప్రయత్నించేది. చెప్పేసరికి అందులో నవ్వేంత సంగతి ఏమీ మిగిలేది కాదు. రెండేళ్ళు ఆమె నవ్వుకు నేను తాళం చెవిని. ఇప్పుడు ఎక్కడి నుంచో వచ్చిన పిల్ల తలుపు తీసుకుని లోపలికి పోయి కూర్చుంది.

ఒకరోజు నర్సు కాఫీ పెట్టి ఇచ్చింది. మరుసటి రోజు నేను టీ తీసుకుపోతే దొరసానమ్మ మర్యాదగా, "నేడు కాఫీ త్రాగుదును" అన్నది. ఆ టీ నేనే పెరట్లోకి పోయి తాగాను. చక్కెర వేసిందే, చేదుగా ఉండింది. ఆ మధ్యాహ్నం నర్సుకు పెట్టిన ఊరిబిండిలో నాలుగు మిరపకాయలు ఎక్కువ నూరాను. దేవుడు చూశాడు, నేను ఒప్పుకుంటున్నాను. ఆ పిల్ల కళ్ళు తుడుచుకుంటూ, "చాలా బాగుందక్కా" అని మళ్ళీ వేయించుకుంది. ఇట్లాంటి మనిషిని ఏం చేయాలి!

అంతలో ఆళ్లగడ్డ సంగతి వచ్చింది. ఆ చుట్టుపక్కల పల్లెల్లో కాన్పు కష్టమైతే నంద్యాల దాకా బండి మీద తెచ్చేలోపు తల్లి పోయేది. అందుకని ఆళ్లగడ్డలో ఒక ఇల్లు తీసుకుని దొరసానమ్మ అక్కడే ఉండి కాన్పులు చేయాలని మిషన్ వాళ్ళు తీర్మానించారు. దొర్నిపాడు దగ్గర ఊళ్ళో ఉండే ఒక పెద్ద రైతుకు ఆళ్లగడ్డలో ఖాళీ ఇల్లు ఉంది. ఇస్తానని మాటిచ్చాడు. రెండే గదులు. ఒకటి కాన్పులకు, ఒకటి ఉండడానికి. దొరసానమ్మతో ఇంకొక్క మనిషికే చోటు. రెండోవాళ్ళు నంద్యాలలోనే ఉండాలి.

"ఎవరు వచ్చుట అనునది క్యాంపు అయిన తరువాత చెప్పెదను" అన్నది దొరసానమ్మ.

ఇక నాకు నిద్ర ఎక్కడిది? కాన్పుల ఇంటికి నర్సే పోతుందని వంటమనిషి అన్నది. ఆ వంటమనిషితో వారం మాట్లాడలేదు. కాన్పులు దొరసానమ్మే చేస్తుంది కదా, ఆడవాళ్ళను ఇంటికి రప్పించే మనిషి కావాలి కదా, ఆ మనిషిని నేనే కదా అని నాకు నేనే వకీలునై వాదించుకునేదాన్ని. ఆమెతో ఒకే ఇంట్లో, ఒకే గదిలో ఉండాలి. అంతకుమించి నాకు ఈ లోకంలో కోరిక లేదు.

క్యాంపు అంటే చలికాలంలో పల్లెల్లో డేరాలు వేసుకుని తిరగడం. ఆ ఏడు జొన్నకోతలయ్యాక పోయాం. ఆ పెద్ద రైతు ఊరి బయట వేపచెట్ల కింద డేరా వేశాం. పొద్దున మందులు, మధ్యాహ్నం పాటలు, వాక్యం. మూడో రోజు సాయంత్రం నర్సు ఉత్సాహంగా వచ్చి, "రేపు పొద్దున ఊరంతా కల్లంలోనే ఉంటారంట. అమ్మగారిని అక్కడికే తీసుకుపోదాం. ఆ రైతును కూడా పలకరించినట్టు ఉంటుంది. ఏమంటావక్కా?" అన్నది. దొరసానమ్మ ముఖం వెలిగిపోయింది. "మంచి ఆలోచన" అని ఆ పిల్ల భుజం తట్టింది.

ఆ తట్టిన చెయ్యి చూసి నా నోరు మూసుకుపోయింది.

కల్లం అంటే పంట నూర్చే చోటు. దానికి మా సీమలో ఒక పద్ధతి ఉంది. గింజను తూర్పారబట్టి రాశి పోశాక, అది కొలిచేదాకా ఆ చోటు గుడితో సమానం. చెప్పులతో అడుగుపెట్టకూడదు. గట్టిగా మాట్లాడకూడదు. కొలిచే మనిషి మొదటి పడిని ఒకటి అనడు, లాభం అంటాడు, తర్వాత రెండు, మూడు. ఎంతయింది, ఎన్ని బస్తాలు అని పరాయివాళ్ళు అడిగితే రాశి తరిగిపోతుందని భయం. నేను సెలవుల్లో మేనత్త ఊరికి పోయి కల్లాల్లో చేట పట్టినదాన్ని. ఇదంతా నాకు అన్నం తిన్నంత బాగా తెలుసు. మద్రాసు పిల్లకు తెలియదు, ఇంగ్లండు మనిషికి తెలియదు. నేను చెప్పాలి. దానికే కదా నన్ను పెట్టుకున్నది.

"పోదాం" అన్నాను. అంతే అన్నాను.

పొద్దున ముగ్గురం పోయాం. కల్లం చుట్టూ కంప వేసి ఉంది, మధ్యలో దారి. నేను కావాలనే వెనకబడ్డాను. నర్సు దొరసానమ్మ చెయ్యి పట్టుకుని టకటకా లోపలికి నడిచింది. ఇద్దరి కాళ్ళకూ తోలు చెప్పులు. రాశి ముందు పది మంది మగవాళ్ళు మాటాపలుకూ లేకుండా కూర్చుని ఉన్నారు. ముసలాయన పడి నిండా జొన్నలు తీసి, "లాభం" అన్నాడో లేదో, నర్సు నవ్వుతూ, "నమస్కారమన్నా! ఎన్ని బస్తాలయినాయి?" అని గట్టిగా అడిగింది.

ముసలాయన చేతిలో పడి అట్లనే ఆగింది. పెద్ద రైతు మెల్లగా లేచి వాళ్ళ కాళ్ళ వైపు చూశాడు.

"చెప్పులిడిచి రావల్లని తెలీదామ్మా మీకు? రాశి కాడ నోరు మూసుకోవల్లని గూడా తెలీదా?"

నర్సు బిత్తరపోయింది. దొరసానమ్మ ఏదో తప్పు జరిగిందని గ్రహించి, ఆ క్షణమే చెప్పులు విప్పి చేత పట్టుకుని, "క్షమించుడి" అన్నది. కానీ చెప్పులు చేత పట్టుకుని రాశి ముందు నిలబడడం ఇంకా తప్పు. ఎవరో "అబ్బబ్బ!" అని తల కొట్టుకున్నారు.

"పోండమ్మా, పోండి" అన్నాడు రైతు. "కల్లం మర్యాద తెలీనోళ్ళకు ఇల్లెట్ల ఇచ్చేది? ఆళ్లగడ్డ ఇల్లు ల్యా, ఏం ల్యా. వేరే యాడన్నా చూసుకోండి."

నేను కంప దగ్గర నిలబడి అంతా చూశాను. నిజం చెప్పాలి కదా, ఆ పిల్లను అందరూ అట్లా చూస్తుంటే నా గుండెలో చల్లగా ఉండింది. ఇల్లు ల్యా అన్న మాట వినేదాకా ఉండింది ఆ చల్లదనం. ఎవరి మీదో రాయి వేస్తే అది వచ్చి నా ఇంటి మీదే పడింది.

డేరాకు వచ్చాక నర్సు ఏడ్చిన ఏడుపు ఇంతా అంతా కాదు. "నా తప్పే అమ్మగారూ. అక్క వెనక వస్తా ఉంటే ఆగకుండా నేనే ముందుకు పోయినాను. ఒక తల్లి చచ్చిపోతే ఆ పాపం నాది" అని నేల మీద కూర్చుని తల బాదుకుంది. దొరసానమ్మ ఆమె తల నిమిరి, పడుకోబెట్టి, బయటికి వచ్చింది. నేను పొయ్యి దగ్గర ఉన్నాను. వచ్చి నా ఎదురుగా కూర్చుంది.

"నీ చెప్పులు కంప యొద్ద ఉండెను. ప్రక్క ప్రక్కన చక్కగా విడిచి యుండెను. నేను చూచితిని" అన్నది.

అప్పుడు గుర్తొచ్చింది. కల్లం కనపడగానే నా కాళ్ళు వాటంతట అవే చెప్పులు విడిచాయి. చిన్నప్పటి అలవాటు. నోరు మూసుకున్నాను గానీ కాళ్ళకు అబద్ధం చెప్పడం రాలేదు.

ఆమె తిట్టి ఉంటే బాగుండేది. తిట్టలేదు. "ఆమెకు నేను చెప్పను. చెప్పవలసినదానవు నీవే" అని లేచి పోయింది. ఆ పూట అన్నం ముట్టలేదు.

మరుసటి రోజు నేను ఒక్కదాన్నే ఆ రైతు ఇంటికి పోయాను. పెరటి వాకిట్లో ఆయన తల్లి, ఊరంతా అవ్వ అని పిలిచే మనిషి, కందులు విసురుతూ ఉంది.

"మళ్ళా యాడికొచ్చినావ్? ఇంకా ఏం మిగిలిందని?" అన్నది.

"అవ్వా, ఆ పట్నం పిల్లకు తెలీదు. దొరసానమ్మకూ తెలీదు. నాకు తెలుసు. నేనే చెప్పలే."

అవ్వ తిరగలి ఆపింది. "యాల చెప్పలే?"

"ఆ పిల్లంటే నాకు గిట్టదవ్వా. దొరసానమ్మ ఆ పిల్లనే బాగా చూస్తాంది."

అవ్వ నన్ను కిందికీ మీదికీ చూసి, బోసినోరు తెరిచి నవ్వడం మొదలుపెట్టింది. "ఒగ మొగుడా, ఒగ సంసారమా! మీకేం సవతి పోరే! నా కోడండ్లిద్దరూ ఇంతే. నా మెప్పు కోసం ఒగదాని కూరలో ఒగతి ఉప్పేస్తాది. నేనా ఉప్పు కూర తిని సావల్ల." కాసేపు నవ్వి, కళ్ళు తుడుచుకుని, "తెలిసి చెప్పనిది నీ తప్పు, కల్లానిది కాదు. పసుపునీళ్ళు చల్లించినా ల్యే. నా కొడుక్కు నేను చెప్తా, ఇల్లు ఇస్తాడు. బిడ్డలు పుట్టే ఇల్లు వద్దంటామా!" అన్నది. నేను లేస్తుంటే వెనక నుంచి పిలిచింది. "ఒసేయ్, నా కాడ తెరిచిన నోరు ఆ పిల్ల కాడ తెరిచినావా?"

తెరవలేదు. ఆ రోజు తెరవలేదు, ఆ నెల తెరవలేదు.

నంద్యాలకు తిరిగి వచ్చాక దొరసానమ్మ మమ్మల్నిద్దరినీ పిలిచింది. ఇల్లు తిరిగి వచ్చిందంటే అది నా వల్లనే అని ఆమెకు తెలుసు. అవ్వ కబురు పంపింది. నా లోపల ఆశ చావలేదు చూడండి, సిగ్గు లేకుండా ముందు వరసలో నిలబడ్డాను.

"ఆళ్లగడ్డకు మీరిద్దరు పోవుదురు" అన్నది. "కాన్పు చేయు చేతులు ఆమెకున్నవి. తలుపు తెరిపించు నోరు నీకున్నది. నేను నంద్యాలలోనే ఉండి, వచ్చే యేడు సెలవు మీద మా దేశము పోవుదును."

నేను కోరిన ఇల్లే. కోరిన ఊరే. ఆ ఉండే గదిలో నాకు చోటు. పక్కన మాత్రం ఈ పిల్ల! తథాస్తు దేవతలు ఉంటారని మావాళ్ళు నమ్మరు గానీ, నా విషయంలో ఎవరో వెటకారంగా తథాస్తు అన్నారు.

ఏడాదికి దొరసానమ్మ బయలుదేరింది. నంద్యాల స్టేషనులో రైలెక్కే ముందు మా ఇద్దరి తలల మీద చేతులు పెట్టి ప్రార్థన చేసింది. అందరూ కళ్ళు మూసుకున్నారు. నేను మాత్రం కళ్ళు తెరిచి చూశాను. కుడి చెయ్యి ఆ పిల్ల తల మీద ఉంది, ఎడమ చెయ్యి నా తల మీద ఉంది. ఆళ్లగడ్డకు తిరిగి వచ్చేదాకా బండిలో అదే ఆలోచన. తర్వాత ఆమెకు జబ్బు చేసింది, డాక్టర్లు మళ్ళీ ఓడ ఎక్కనివ్వలేదు. ఆమె ఇక రాలేదు.

ఆళ్లగడ్డలో మేమిద్దరం పని బాగానే చేశాం. నేను ఊళ్ళు తిరిగి నెలలు నిండిన వాళ్ళను చూసి వచ్చేదాన్ని, నర్సు కాన్పు చేసేది. నల్లమల అంచు నుంచి చెంచువాళ్ళ ఆడబిడ్డలను కూడా తెచ్చేవాళ్ళు. పుట్టిన బిడ్డను మొదట నా చేతికే ఇచ్చేది. పేరు పెట్టమని తల్లులు ఆమెనే అడిగేవాళ్ళు. అది కూడా నాకు మంటే.

ఒక సంగతి మాత్రం చూడలేకపోయేదాన్ని. కల్లం రోజు తర్వాత ఆ పిల్ల పల్లెల్లో చెప్పులు వేసుకోలేదు. ఏ ఇంటికి ఏ మర్యాద ఉందో నాకేం తెలుసక్కా, అసలు లేకపోతే తప్పే జరగదు కదా అనేది. నల్లరేగడి పగుళ్ళు, తుమ్మముళ్ళు, ఎండాకాలం మంటలు పుట్టే దారి. ఆ దారిలో మద్రాసు పిల్ల ఉత్తకాళ్ళతో నడిచేది. వైశాఖంలో ఒకసారి పక్క ఊరికి పోయి వచ్చేసరికి అరికాళ్ళు రెండూ బొబ్బలెక్కాయి. నేనే కూర్చుని ఆముదం రాశాను. "నీకెంత ప్రేమక్కా" అన్నది. నా నాలిక చివర దాకా వచ్చింది మాట. మింగేశాను. చెబితే దొరసానమ్మకు ఉత్తరం రాస్తుంది, అక్క ఇన్నాళ్ళూ నోరు తెరవలేదని రాస్తుంది, ఉన్న ఆ ఎడమ చెయ్యి కూడా పోతుందని భయం.

ఉత్తరాలు నెలకొకటి వచ్చేవి. ఇద్దరికీ కలిపి ఒకటే, ఇంగ్లీషులో. నర్సు చదువుతుంది, నేను పక్కన కూర్చుని వింటాను. చదువుతూ చదువుతూ నవ్వుతుంది. "ఏందీ?" అంటాను. "వాళ్ళ పిల్లి పాలు ఒలకబోసిందంట" అంటుంది. అంత పొడుగు నవ్వుకు ఇంత పొట్టి అర్థమా! నా గురించి ఏదో ఉంది, దాస్తోంది అనుకునేదాన్ని. తను లేనప్పుడు ఆ కాగితాలు తీసి, నా పేరులోని అక్షరాలు ఎక్కడన్నా దొరుకుతాయేమోనని వెతికేదాన్ని. ఆఖరికి 1960లో ఓపిక చచ్చి, నేనే తెలుగులో రాశాను: అమ్మా, మీకు తెలుగు వచ్చు కదా, నాకు చదవడం వచ్చిన భాషలో ఒక్క ఉత్తరం కూడా ఎందుకు రాయరు?

రెండు నెలలకు జవాబు వచ్చింది. తెలుగులో, ఆమె గుండ్రటి అక్షరాలతో. మూడే వాక్యాలు. ఆ సాయంత్రం నర్సు నా చేతిలో కవరు చూసి ఆత్రంగా వచ్చి పక్కన కూర్చుంది. "తెలుగులో రాసినారా? చదువక్కా, చదువు" అన్నది. మూడేళ్ళుగా తను చదివితే నేను విన్నాను. ఇప్పుడు నా చేతిలో ఉంది. ఏం కావాలంటే అది చదవొచ్చు. పిల్లి పాలు ఒలకబోసిందని చదవొచ్చు. కానీ ఆమె అట్లా నా ముఖంలోకి చూస్తుంటే నోటికి అబద్ధం రాలేదు. ఉన్నదున్నట్టు చదివాను.

"ఆంగ్లమున వ్రాసినచో నీవు ఆమె ప్రక్కన కూర్చుండవలసి వచ్చునని అట్లు వ్రాసితిని. నాలుగు సంవత్సరములాయెను. ఆ మాట ఆమెకు చెప్పితివా?"

"ఏ మాటక్కా?" అన్నది.

చెప్పాను. కల్లం మర్యాద నాకు ముందే తెలుసని, కావాలనే చెప్పలేదని, చెప్పులు విడిచి కంప దగ్గర నిలబడి చూశానని, అంతా చెప్పాను. ఆమె తన కాళ్ళ వైపు చూసుకుంది. తిడుతుందనుకున్నాను. కొట్టినా పడదామనుకున్నాను.

"అమ్మగారికి ఎప్పుడు తెలుసు?" అని అడిగింది.

"ఆ రోజే. డేరా కాడ."

"ఆ రోజే తెలుసా?" అన్నది. "నేను రాసిన ప్రతి ఉత్తరంలో ఆ తప్పు క్షమించమని రాస్తా ఉంటిని. మరిచిపో, మరిచిపో అని రాసేవారు, ఆ మాట నీకు చదివేదాన్ని కాదు. నా తప్పు కాదని ఒక్కసారి రాయలేదు. నీ పేరు ఎత్తలేదు. నన్ను ఏడవనిచ్చి నిన్ను కాపాడినారు." కళ్ళ నిండా నీళ్ళతో నా వైపు తిరిగింది. "నేనంటేనే ఎక్కువ ఇష్టమని అనుకుంటా ఉంటినక్కా. నువ్వేనా?"

ఆ మాట కోసం నేను ఏడేళ్ళు కాచుకున్నాను. వినగానే నాకు మొదట కలిగింది సంతోషం. సిగ్గు తర్వాత వచ్చింది. ఆ సంతోషం నా ముఖం మీద నుంచి తుడుచుకునేలోపే ఆమె చూసేసింది.